‘ఆధునికం’ గారికి, వయసు ధ్రువపత్రం కోరుతూ

శ్రీయుత ‘ఆధునికం’ గారికి,

నమస్కారాలు. వయసు అడగడం మర్యాద కాదని తెలుసు. కానీ తమరు ప్రతి తరానికీ ‘నిన్ననే పుట్టాను’ అని చెప్పుకు తిరుగుతున్నారు. పాత కాగితాలు తిరగేస్తే మా ముత్తాతల ముత్తాతల కాలంలోనూ అదే మాట అన్నట్టుంది.

15వ శతాబ్దంలో ఇటలీలో ఫిలారెతే అనే వాస్తుశిల్పి తమరిని తిట్టిపోశాడు, గుర్తుందా? ఈ ‘ఆధునిక’ పద్ధతి వదిలేసి ప్రాచీనుల్లా కట్టండి మహాప్రభో అని మొత్తుకున్నాడు. తీరా చూస్తే ఆయన ఆధునికం అన్నది మొనదేలిన కమానుల కట్టడాలని! ఇప్పుడు మేం గోథిక్ అంటూ, మెడ పట్టేసేదాకా తలెత్తి చూసేవి అవే. 1550లో కళాకారుల జీవితకథలు రాసిన ఇటలీ చిత్రకారుడు వసారి వచ్చి, ఆ కమానులు ‘గోత్’ అనే పాత జర్మన్ తెగకి చెందిన అనాగరికుల పని అని తేల్చేశాడు. తమరి పేరు మాత్రం తీసుకెళ్లి తన కాలపు కళాకారులకి తగిలించాడు. వెయ్యేళ్ల కిందటి రోమన్ స్తంభాన్ని చూసి దించుకున్నవాడు ఆధునికుడు. రాయిని ఆకాశానికెత్తి, గోడ నిండా రంగుటద్దాలు పరిచినవాడు పాతచింతకాయ పచ్చడి. ఆ లెక్క ఎవరు కట్టారో తమరికే ఎరుక.

పోనీ, అక్కడైనా ఆగారా? 1834లో లండన్ పార్లమెంటు భవనం తగలబడింది. రైళ్లు పరుగులు పెడుతున్న రోజులు. కొత్తది ఏ తీరులో లేపారు? ఆ అనాగరికుల తీరులోనే!

తమరి అసలు గుట్టు నడివయసులో ఉంది. తాత కట్టించింది వారసత్వం, మనం కట్టేది ఆధునికం, మధ్యలో నాన్న కట్టించింది మాత్రం తుక్కు. ఆ గండం గట్టెక్కిన కట్టడమే ‘ప్రాచీనం’ అవుతుంది. 1889లో తెరిచిన ఈఫిల్ టవర్‌కి ఇచ్చిన గడువు 20 ఏళ్లే. రేడియో సంకేతాలు పంపడానికి పనికొచ్చి బతికిపోయింది. న్యూయార్క్‌లోని పెన్సిల్వేనియా రైల్వే స్టేషన్‌కి ఆ అదృష్టం పట్టలేదు. 1910లో తెరిచినప్పుడే అది రోమన్ స్నానశాలల నకలు, అంటే పుట్టుకతోనే ముసలిది. అయినా 1963లో కూల్చడం మొదలెట్టారు. కూల్చాక నాలుక కరుచుకుని 1965లో ఆ నగరంలో కట్టడాల రక్షణ చట్టం తెచ్చారు. దాని ప్రకారం 30 ఏళ్లు నిండితేనే రక్షణకి అర్హత. పింఛనుకే కాదు, గోడకీ వయసు రుజువు కావాలన్నమాట!

తమరి ముద్దుబిడ్డ విల్లా సవోయ్ సంగతి ఇంకా తమాషా. పారిస్ దగ్గర 1931కల్లా పూర్తయిన తెల్లటి ఇల్లు. కప్పు కారుతోందని ఇంటావిడ దాన్ని గీసిన వాస్తుశిల్పి లె కార్బూజియేకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది. 1965లో అదే ఇల్లు చారిత్రక కట్టడమైంది. కారితే చాలు చరిత్ర అయిపోతామంటే మా ఇల్లూ అర్హమే.

ఇక న్యూయార్క్‌లో తమరి పేరు మీదే వెలసిన మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్ ఉంది కదా, 1929 నాటిది. పాతబడ్డ బొమ్మల్ని అదే ఊళ్లోని మెట్రోపాలిటన్ మ్యూజియంకి అప్పగిస్తామని 1947లో ఒప్పందం కూడా రాసుకున్నారు. కొన్నేళ్లకే మనసొప్పక మానుకున్నారు. వాన్ గో 1889లో వేసిన నక్షత్రాల రాత్రి ఈనాటికీ అక్కడే ‘ఆధునికం’గా వెలుగుతోంది. ఆ గోడ మీద తమరికి వృద్ధాప్యం రాదు కాబోలు.

చండీగఢ్ కోసం 1950లలో పియేర్ జాన్నరే రూపం దిద్దిన టేకు కుర్చీల్ని కూడా ఆఫీసుల వాళ్లు విరిగాయని, పాతబడ్డాయని తుక్కు కింద అమ్మేశారు. అవే విదేశీ వేలాల్లో లక్షలు పలికాయి. ఆ సంగతి చదివినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. మా నాన్న కొన్న సన్‌మైకా బల్ల ఒకటి మూలన ఉంది. ఒక కాలు ఊగుతుంది. పడేయమని ఇంట్లోవాళ్లు, ఆగమని నేను.

కనక తమరి వయసు, దాంతోపాటు ఈ బల్ల ఇంకా ఎన్నేళ్లు ఆగాలో ఒక కార్డు ముక్క రాయండి. జవాబు వచ్చేదాకా దాని మీద దుప్పటి కప్పి ఉంచుతాను.

ఇట్లు,
నాన్నగారి బల్ల కాపలాదారు