సవరణ: గాబా గ్రాహకాలు, మందు పొటెన్సీ
ఆందోళన తగ్గించే మందు డయాజిపామ్, మెదడులో నాడీకణాల చురుకును తగ్గించే గాబా అనే రసాయనం అతుక్కునే గాబా-ఏ గ్రాహకాన్ని తానే తెరుస్తుందనీ, ఎంత గట్టిగా అతుక్కుంటే మందు అంత బాగా పనిచేస్తుందనీ గత వారం రాశాను. రెండూ తప్పే. తిరుపతిలో ఫార్మసీ విద్యార్థులకు పాఠం చెప్పే నేను అలా రాయకూడదు, పాఠకులు మన్నించాలి.

గాబా వచ్చి కూర్చునే చోటు ఈ గ్రాహకంలోని ఆల్ఫా, బీటా అనే ఉపభాగాల నడుమ ఉంటే, డయాజిపామ్ చోటు ఆల్ఫా, గామాల నడుమ ఉంటుంది; అక్కడి నుంచి అది గ్రాహకం మధ్యలో క్లోరైడ్ అయాన్లు వెళ్లే ద్వారం మరింత తరచుగా తెరుచుకునేలా గాబాకు తోడ్పడుతుందే తప్ప, గాబా లేనిదే తానుగా తెరవలేదు. బార్బిచురేట్లు అనే పాత తరం నిద్రమందులు మాత్రం ఎక్కువ మోతాదులో తామే తెరవగలవు, అందుకే అవి అంత ప్రమాదకరం.

ఇక పొటెన్సీ, అంటే ఎంత తక్కువ మోతాదుతో మందు పనిచేస్తుందనేది; గట్టిగా అతుక్కోవడం ప్రధానంగా దీనికే సంబంధించినది. గాంధీ రోడ్డు మందుల షాపులో 5 మి.గ్రా. డయాజిపామ్ అట్ట పక్కనే అదే కోవకు చెందిన అల్ప్రజోలామ్ 0.25 మి.గ్రా. అట్ట కనిపిస్తుంది. ఆ చిన్న అంకెకు తక్కువ మోతాదు చాలుననే అర్థం, గరిష్ఠ ప్రభావం ఎక్కువని కాదు. నిద్రమత్తుకు ముఖ్యంగా ఆల్ఫా-1, ఆందోళన తగ్గడానికి ఆల్ఫా-2 ఉన్న గ్రాహకాలు కారణం కాబట్టి, కొత్త అణువును రూపొందించేవారికి బలం కన్నా ఆ రెండింటినీ వేరుచేసి పట్టుకునే గుణమే విలువైనదని నా అభిప్రాయం. పాత వ్యాసంలోని ఆ రెండు వాక్యాలనూ తొలగించాను.