ప్లస్ 05:30 రాయాలా, వద్దా?

(మడికొండ ఐటీ పార్కులోని ఒక చిన్న కార్యాలయం. అమెరికాలోని డల్లాస్ ఖాతాదారు ఆర్డర్ల పట్టికను ముందు పెట్టుకొని ఇద్దరు సహోద్యోగులు వాదించుకుంటున్నారు.)

తమ్ముడు: అన్నా, మన దేశమంతటికీ ఒకటే సమయం, వేసవికని గడియారం మార్చే పద్ధతి కూడా లేదు. 10:30 అంటే వరంగల్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ 10:30 గంటలే. అలాంటప్పుడు ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి మనం ఐదున్నర గంటలు ముందున్నామని చెప్పే ప్లస్ 05:30ని ప్రతి సమయం చివరా తగిలించడం దేనికి?

అన్న: ఈ రెండు వరుసలు చదువు తమ్మీ. 2025 నవంబరు 2న ఆర్డరు నమోదైంది 01:50కి, రద్దయింది 01:10కి. పెట్టని ఆర్డరును ఎవరైనా రద్దు చేస్తారా? ఆ తెల్లవారుజామున 2 గంటలకు డల్లాస్‌లో గడియారాలను గంట వెనక్కి జరిపారు కనుక, ఒంటి గంట నుంచి రెండు దాకా ఉన్న గంట రెండుసార్లు వచ్చింది. యూటీసీతో తేడా మొదటిసారి మైనస్ 05:00, రెండోసారి మైనస్ 06:00. మన లెక్కలో నమోదు మధ్యాహ్నం 12:20కి, రద్దు 12:40కి. సమయం చివర "-05:00" లాంటి ఆ ఆరు అక్షరాలు రాసి ఉంటే, నిన్న సాయంత్రమంతా ప్రోగ్రాములో లేని తప్పు కోసం వెతికేవాళ్లం కాదు.

తమ్ముడు: అన్నీ యూటీసీలోకి మార్చి, అది యూటీసీ అని తెలిపే జెడ్ అక్షరం చివర పెడితే చాలు కదా. లేదంటే పట్టికలోని కాలమ్ పేరులోనే భారత ప్రామాణిక సమయం అని తెలిపేలా ఐఎస్‌టీ అని రాద్దాం.

అన్న: ఐఎస్‌టీ మాత్రం వద్దు. ఇజ్రాయెల్, ఐర్లాండ్ వాళ్లు కూడా తమ సమయానికి అవే మూడు అక్షరాలు వాడతారు.

తమ్ముడు: వరంగల్‌లో రాసే ప్రోగ్రాముకు ఐర్లాండ్ గొడవ ఎందుకన్నా?

అన్న: ఈ ఆర్డర్లు వచ్చేదాకా డల్లాస్ గురించీ అలాగే అనుకున్నాం. ఇక జెడ్ సంగతి: అది క్షణాన్ని కాపాడుతుంది, కానీ అక్కడి గోడ గడియారం ఎంత చూపిందో చెప్పదు. రాత్రి షిఫ్టులో ఎన్ని ఆర్డర్లు వచ్చాయని ఖాతాదారు అడిగితే ఏం చెబుతావు?

తమ్ముడు: సరే, వాళ్లతో ప్రతి సోమవారం వాళ్ల ఉదయం 9 గంటలకు జరిగే సమావేశాన్ని మీరు మైనస్ 06:00తో దాచారు. 2026 మార్చి 8న అక్కడ గడియారాలు ముందుకు జరిగాక వాళ్లు మన రాత్రి 7:30కే వస్తారు, మన ప్రోగ్రాము మాత్రం 8:30కి గుర్తు చేస్తుంది. ఆ తప్పు మీ ఆఫ్‌సెట్ (యూటీసీతో రాసిన తేడా) వల్లే కదా?

అన్న: ఆ మాటకు నా దగ్గర ఎదురు లేదు. జరిగిపోయినదానికి ఆఫ్‌సెట్ సరిపోతుంది, జరగబోయేదానికి టైమ్‌జోన్ ప్రాంతం పేరు కావాలి: డల్లాస్‌కు అమెరికా/షికాగో, మనకు ఏషియా/కోల్‌కతా. రేపు ప్రభుత్వం నియమం మార్చినా పేరును బట్టి తేడాను మళ్లీ లెక్కగట్టవచ్చు. 2024లో వచ్చిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 9557 ప్రకారం ఆఫ్‌సెట్ పక్కనే చదరపు బ్రాకెట్లలో ఆ పేరు రాయవచ్చు.

తమ్ముడు: రసీదు మీద కూడా ఇదంతా ముద్రిస్తారా?

అన్న: వద్దు. అక్కడ "ఉదయం 9:00, డల్లాస్ సమయం" చాలు.

తమ్ముడు: మరి ఆ రెండుసార్లు వచ్చిన గంటలోని పాత ఆర్డర్లు?

అన్న: వరుస సంఖ్యలతో పోల్చి, తేలినవాటికి ఆఫ్‌సెట్ నింపు. తేలనివాటిని ఊహించి నింపకు, ఖాళీగానే ఉంచు.