సవరణ: మేస్త్రీతో అగ్రిమెంటు వేరు, బిల్డర్‌తో అగ్రిమెంటు వేరు

ఇల్లు కట్టించుకునేవాళ్లు మేస్త్రీతో అగ్రిమెంటును 100 రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుని, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టిస్తే చాలని ఇంతకుముందు రాశాను. మిర్యాలగూడలో ఒకాయన అది చదివి, తన ప్లాటును బిల్డర్‌కిచ్చి ఫ్లాట్లు పంచుకునే ఒప్పందాన్నీ అలాగే రాసుకుందామనుకున్నారట. ఆ మాట దానికి వర్తించదు. స్థలం డెవలప్‌మెంట్‌కి ఇస్తే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాల్సిందే, నోటరీ ముద్ర సరిపోదు.

సొంత స్థలంలో కూలీ కాంట్రాక్టుకో, మెటీరియల్‌తో సహా కాంట్రాక్టుకో ఇచ్చేవాళ్లకు పాత మాటే వర్తిస్తుంది. కాకపోతే "చదరపు అడుగుకు ఇంత" అని రాసి వదిలేయకండి. గొడవంతా కొలత దగ్గరే మొదలవుతుంది. పోర్టికో సగం లెక్కా, పూర్తి లెక్కా? సజ్జలు, మెట్లగది, సంపు, ప్రహరీ అందులోనే ఉన్నాయా, వేరేనా? స్లాబు పోసేటప్పుడు కింద ఆసరాగా పెట్టే సెంట్రింగ్ చెక్క ఎవరిది? స్లాబు పోశాక నీళ్లు ఎవరు కొట్టాలి? నల్గొండ ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. ఇవన్నీ పేపరు మీదికి రావాలి. అడ్వాన్సు తక్కువ, మిగతాది పని అయిన మేరకు.

ఇంకొకటి. కట్టడంలో లోపాలకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం కింద ఉండే 5 ఏళ్ల బాధ్యత ఫ్లాట్లు కట్టి అమ్మే ప్రమోటర్‌ది, అంటే బిల్డర్‌ది. మీ ఇంటి మేస్త్రీ దాని కిందికి రాడు. పని చెడగొడితే 2 ఏళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు.