జాబితాకెక్కని ఏళ్లు

ఏటా కుబేరుల జాబితా వెలువడగానే అందులో స్టాక్ మార్కెట్ మదుపరుల పేర్లు ఏరి, ఎవరి ఆస్తి ఎంత పెరిగింది, ఏ షేరు ఎవరికి ఎంత తెచ్చిపెట్టింది అని లెక్కగట్టి శీర్షికలు పెట్టడం పత్రికలకు ఆనవాయితీ అయిపోయింది. ఈ పత్రికా అందుకు మినహాయింపేమీ కాదు. ఆ శీర్షికల్లో సంపద ఉంటుంది, దాన్ని కూడబెట్టడానికి పట్టిన కాలం ఉండదు. లాభం తెచ్చిన షేరు పేరు ఉంటుంది, కొన్నాక అది ఎన్నిసార్లు సగానికి పడిందో ఉండదు. ఫోనులో ఖాతా తెరిచి తొలిసారి షేర్లు కొంటున్న వారిలో చాలామందికి ఈ శీర్షికలే పాఠ్యపుస్తకం కనుక, మార్కెట్లో గెలిచినవారి వృత్తి జీవితాలను తీరిగ్గా, నష్టాల పుటలతో సహా చదువుకోవాల్సిన అవసరం ఉందని భావిస్తున్నాం.

ముందుగా అమెరికా మదుపరి వారెన్ బఫెట్ సంగతే చూద్దాం. చతికిలబడిన బట్టల మిల్లు బెర్క్‌షైర్ హాథవేను ఆయన 1965లో తన అధీనంలోకి తెచ్చుకున్నారు. ఆ కొనుగోలే పొరపాటని తర్వాత తానే ఒప్పుకున్నారు. అప్పటి నుంచి 2024 వరకు ఆ కంపెనీ షేరు సగటున ఏటా 19.9 శాతం పెరగగా, డివిడెండ్లు (కంపెనీలు వాటాదారులకు పంచే లాభం) కూడా కలుపుకొని, అమెరికాలోని 500 పెద్ద కంపెనీల షేర్లతో కూర్చిన ఎస్ అండ్ పీ 500 సూచీ పెరిగింది 10.4 శాతం. తేడా తొమ్మిదిన్నర శాతమే కదా అనిపిస్తుంది గానీ, చక్రవడ్డీ లెక్క అంత సూటిగా సాగదు. ఏటా 20 శాతం చొప్పున పెరిగే సొమ్ము 30 ఏళ్లకు 237 రెట్లవుతుంది, 60 ఏళ్లకు 56 వేల రెట్లు దాటుతుంది. అంటే సగం కాలం గడిచేసరికి చేతిలో ఉండేది తుది మొత్తంలో అర శాతం కూడా కాదు. 1930లో పుట్టిన బఫెట్ సంపదలో పదింట తొమ్మిది వంతులకు పైగా అరవై ఏళ్లు దాటాకే పోగుపడింది. అరవైకే విశ్రాంతి తీసుకుని ఉంటే ఆయన ఒక పెద్ద ధనవంతుడిగా మిగిలేవారు తప్ప, ఊరూవాడా చెప్పుకునే పేరు అయ్యేవారు కాదు. 2025 చివర్లో, తొంభై అయిదేళ్ల వయసులో గానీ ఆయన సీఈఓ కుర్చీ దిగలేదు. ఆయన తెలివితేటల గురించి జరిగిన చర్చలో పదో వంతు కూడా ఆయన ఆయుర్దాయం గురించి జరగలేదు.

ఈ ఓపిక ఆయనకు పుట్టుకతో వచ్చిందీ కాదు. 1942లో, పదకొండేళ్ల వయసులో, సిటీస్ సర్వీస్ అనే కంపెనీ ప్రిఫరెన్స్ షేర్లు మూడు తనకు, మూడు అక్క డోరిస్‌కు 38 డాలర్ల చొప్పున కొన్నారు. ధర కొద్ది వారాల్లో 27కి జారింది. బడికి వెళ్లే దారిలో అక్క రోజూ ఆ సంగతి గుర్తుచేస్తుంటే ఆ పిల్లవాడికి ఊపిరాడలేదు. ధర 40కి చేరిందో లేదో అమ్మేసి ఊరట పొందాడు. ఆ షేరు తర్వాత 200 డాలర్లు దాటింది. కొన్ని డాలర్ల లాభం కోసం ఎంత పోగొట్టుకున్నదీ ఆయన ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఇతరుల సొమ్ము చేతిలో పెట్టుకుని, వారి ముఖాలు రోజూ చూస్తూ మదుపు చేయడం ఎంత కష్టమో ఆ బడి దారిలోనే ఆయనకు తెలిసివచ్చింది.

ఆ అనుభవానికీ ఆయన తర్వాత కట్టుకున్న వ్యాపార నిర్మాణానికీ సంబంధం ఉందనే మేము అనుకుంటున్నాం. 1967లో బెర్క్‌షైర్ ద్వారా ఒక బీమా కంపెనీని కొనడంతో మొదలుపెట్టి, ప్రీమియం రూపంలో ముందుగా వసూలై, క్లెయిముల రూపంలో ఎప్పుడో చెల్లించాల్సిన సొమ్మును ఆయన మదుపునకు ఇంధనంగా వాడుకున్నారు. మార్కెట్ పడిపోయిందని భయపడి వచ్చి తిరిగి అడిగే సొమ్ము కాదది. బెర్క్‌షైర్ షేరు 1973-75 నడుమ 59 శాతం, 1987లో 37 శాతం, 1998-2000 నడుమ 49 శాతం, 2008-09లో 51 శాతం పడింది. నాలుగుసార్లూ ఆయనకు అమ్ముకోవాల్సిన అగత్యం పట్టలేదు. ఆయన సహచరుడు చార్లీ మంగర్ స్వంతంగా నడిపిన భాగస్వామ్య ఫండ్ 1973లో 31.9 శాతం, 1974లో 31.5 శాతం నష్టపోయింది. వరుసగా రెండేళ్లు మూడో వంతు చొప్పున కరిగిపోవడమంటే వంద పెట్టినవాడి చేతిలో నలభై ఏడు కూడా మిగలకపోవడం. మంగర్ ఆ ఫండ్‌ను తర్వాత మూసేశారు. 2023లో ఆయన కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళుల్లో ఆ రెండేళ్ల ప్రస్తావన ఎక్కడో ఓ మూల తప్ప కనిపించలేదు.

మ్యూచువల్ ఫండ్ నిర్వాహకుడి పరిస్థితి ఇంకోలా ఉంటుంది. పీటర్ లించ్ 1977 నుంచి 1990 వరకు ఫిడెలిటీ మాజిలన్ ఫండ్‌ను నడిపి ఏటా సగటున 29.2 శాతం రాబడి చూపించారు. సుమారు 2 కోట్ల డాలర్ల ఫండ్ 1,400 కోట్ల డాలర్లకు చేరింది. 1987 అక్టోబరు 19న అమెరికా మార్కెట్ ఒక్క రోజులో 22 శాతానికి పైగా కూలినప్పుడు ఆయన ఐర్లండ్‌లో సెలవులో ఉన్నారు. మదుపరులు భయపడి సొమ్ము వెనక్కి అడిగితే మంచి షేర్లను కూడా అమ్మి చెల్లించక తప్పని కొలువది. నలభై ఆరేళ్లకే, కీర్తి శిఖరాన ఉండగా, కుటుంబానికి సమయం దొరకడం లేదంటూ ఆయన తప్పుకున్నారు. మార్కెట్‌ను ఓడించడం ఎంత శ్రమతో కూడిన పనో చెప్పడానికి, మా దృష్టిలో, 29.2 అనే అంకె కన్నా ఆ రాజీనామాయే బలమైన సాక్ష్యం.

వీరందరికీ గురుతుల్యుడైన బెంజమిన్ గ్రాహం కథలో మరో మెలిక ఉంది. 1929 పతనం తర్వాత మూడేళ్లలో ఆయన నిర్వహణలోని సొమ్ము దాదాపు 70 శాతం హరించుకుపోయింది. ఆ దెబ్బ నుంచి తేరుకుని, కంపెనీ ఆస్తుల విలువ కన్నా బాగా తక్కువకు దొరికే షేర్లనే కొనాలి, ఒక్కదాన్నే నమ్ముకోకుండా పదులకొద్దీ కొనాలి అనే క్రమశిక్షణను శాస్త్రంగా మలిచారు. అటువంటి మనిషి 1948లో తన నియమాలన్నిటికీ విరుద్ధంగా, ఫండ్ సొమ్ములో పెద్ద భాగాన్ని గైకో అనే ఒకే బీమా కంపెనీలో పెట్టారు. బీమా కంపెనీలో ఫండ్లు అంత వాటా ఉంచుకోకూడదని నియంత్రణ సంస్థ అభ్యంతరం చెప్పడంతో ఆ షేర్లను తన మదుపరులకే పంచిపెట్టాల్సి వచ్చింది. రెండు దశాబ్దాల పాటు ఎంతో శ్రమించి, ఎన్నెన్నో నిర్ణయాలు తీసుకుని సంపాదించిన లాభాలన్నీ కలిపినా ఆ ఒక్క కొనుగోలు తెచ్చిన లాభానికి సరిపోలేదని గ్రాహం స్వయంగా రాసుకున్నారు. సూత్రం చెప్పినవాడిని సూత్రం దాటిన సందర్భమే కుబేరుణ్ని చేసింది.

ఇది గ్రాహం ఒక్కరి విషయంలో జరిగిన చిత్రం కాదు, మార్కెట్ స్వభావమే అది. 1926 నుంచి తొమ్మిది దశాబ్దాల అమెరికా షేర్లన్నిటినీ పరిశీలించి ఆచార్యుడు హెండ్రిక్ బెసెంబైండర్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ప్రభుత్వం స్వల్పకాలానికి అప్పు తీసుకుంటూ ఇచ్చే ట్రెజరీ బిల్లులను మించి మార్కెట్ సృష్టించిన నికర సంపద మొత్తం సుమారు 4 శాతం కంపెనీల నుంచే వచ్చింది. సగానికి పైగా షేర్లు తమ జీవితకాలంలో ఆ బిల్లులపాటి రాబడి కూడా ఇవ్వలేదు. అందువల్ల ఒక విజేత సంపద వెనుక ఒకటి రెండు షేర్లే కనిపించడం సహజం; ఆ ఒకటి రెండు తగలని వేలమంది, అంతే తెలివి, అంతే శ్రమ ఉన్నా, ఏ జాబితాలోనూ కనిపించకపోవడమూ అంతే సహజం. అదృష్టం పాత్రను ఒప్పుకోవడం వల్ల విజేతల ప్రతిభకు వచ్చే లోటేమీ లేదు.

పతనాలకు మూలం వెతికితే ఎక్కువగా అప్పే తగులుతుంది. జెస్సీ లివర్‌మోర్ 1929లో అందరూ మునిగిన చోట, అరువు తెచ్చిన షేర్లను ముందే అమ్మి, ధర పడ్డాక చవగ్గా కొని తిరిగిచ్చి, సుమారు 10 కోట్ల డాలర్లు గడించాడని చెప్పుకుంటారు. అయిదేళ్లు తిరక్కుండా 1934లో దివాలా తీశాడు, 1940లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఊహాగానాలు చేసే రోజువారీ వ్యాపారి కనుక అతడికి అలా జరిగిందని సరిపెట్టుకోవడానికీ లేదు. 1997లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న ఇద్దరు పండితులు భాగస్వాములుగా ఉన్న లాంగ్ టర్మ్ కేపిటల్ మేనేజ్‌మెంట్, అసలుకు పాతిక రెట్లకు పైగా అప్పు తెచ్చి పందెం కాసి, మరుసటి ఏడాదే కుప్పకూలింది. పెద్ద బ్యాంకులు కలిసి 360 కోట్ల డాలర్లు సర్దితే తప్ప చిక్కు వీడలేదు. వారి లెక్కలు తప్పో ఒప్పో పక్కన పెడితే, అవి నిజమయ్యేదాకా నిలబడే వెసులుబాటు వారికి లేకపోయింది. అయితే అప్పు చేసి గెలిచినవారే లేరని చెప్పడం నిజాయతీ కాదు. 1985లో 5,000 రూపాయలతో మార్కెట్లో అడుగుపెట్టారని అందరూ చెప్పుకునే రాకేశ్ ఝున్‌ఝున్‌వాలా, తొలినాళ్లలో అన్నగారి ఖాతాదారుల నుంచి బ్యాంకు డిపాజిట్‌ను మించిన రాబడి ఇస్తానని సొమ్ము తెచ్చి మరీ పెట్టుబడి పెట్టారు. ఆయన నెగ్గుకొచ్చారు. 5,000 రూపాయల కథను పదేపదే వినిపించే ప్రసంగీకులు ఈ రెండో భాగాన్ని ఎందుకో దాటవేస్తారు.

మరి పెద్దల అడుగుజాడల్లో నడిస్తే సరిపోదా అనే ప్రశ్న వస్తుంది. అమెరికాలో 10 కోట్ల డాలర్లకు మించి షేర్లు నిర్వహించే సంస్థలు మూడు నెలలకోసారి తమ వద్ద ఉన్నవేమిటో వెల్లడించాలి. కానీ త్రైమాసికం ముగిశాక 45 రోజుల గడువుంటుంది. అంటే మనం చూసేది నెలల నాటి చిత్రం. అందులో ఏ షేరు కొన్నారో ఉంటుంది గానీ, ఎందుకు కొన్నారో, ఇంకా ఎంత నగదు దగ్గర పెట్టుకున్నారో, ఎంత నష్టం దాకా భరించదలిచారో ఉండవు. వాళ్లు అమ్మేసిన రోజు మనకు కబురు రాదు. చేతులు ఊరికే ఉంచుకోలేక కొంటూ అమ్ముతూ ఉండేవారి సంగతి మరీ అన్యాయం: 1991-96 నడుమ 66,465 కుటుంబాల ఖాతాలను ఆచార్యులు బ్రాడ్ బార్బర్, టెరన్స్ ఓడియన్ పరిశీలించినప్పుడు మార్కెట్ ఏటా 17.9 శాతం రాబడి ఇస్తే, అందరికన్నా చురుగ్గా లావాదేవీలు జరిపినవారికి దక్కింది 11.4 శాతమే.

బఫెట్ తానే 2008లో ఒక పందెం కాశారు. సూచీలోని షేర్లన్నిటినీ ఉన్నవి ఉన్నట్టు కొనిపెట్టే, ఏ నైపుణ్యమూ అక్కర్లేని సూచీ ఫండ్ ఒకవైపు, నిపుణులు ఎంచిన అయిదు ఫండ్లు మరోవైపు, గడువు పదేళ్లు. 2017 ముగిసేసరికి సూచీ ఫండ్ 125.8 శాతం పెరిగింది. ఆ అయిదింటిలో అన్నిటికన్నా బాగా ఆడినది 87.7 శాతం, వెనుకబడినది 2.8 శాతం.

మా మటుకు మాకు మరో వృత్తి జీవితం కూడా గుర్తుంచుకోదగ్గదిగా తోస్తుంది, నిజానికి మదుపు ఆయన వృత్తే కాదు. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో రోనాల్డ్ రీడ్ పాతికేళ్లు పెట్రోలు బంకులో, ఆ తర్వాత ఓ దుకాణంలో ఊడ్చి తుడిచే పనిలో గడిపారు. గుండీలకు బదులు పిన్నీసులు పెట్టిన పాత కోటుతో తిరిగే ఆయన 2014లో 92 ఏళ్ల వయసులో మరణించాక, బ్యాంకు లాకరులో అయిదంగుళాల మందాన షేరు పత్రాల కట్ట బయటపడింది. మొత్తం ఆస్తి సుమారు 80 లక్షల డాలర్లు. అందులో అధిక భాగం స్థానిక ఆసుపత్రికి, గ్రంథాలయానికి రాసిచ్చారు. తనకు అర్థమయ్యే, డివిడెండ్ ఇచ్చే కంపెనీల షేర్లు కొని దశాబ్దాల తరబడి అట్టిపెట్టుకోవడమే ఆయన చేసిన పని. తొంభైకి పైగా కంపెనీల షేర్లు ఉండటంతో, వాటిలో కొన్ని దివాలా తీసినా మిగిలినవి ఆ లోటు కనపడనీయలేదు. బతికుండగా ఆయన ఏ జాబితాకూ ఎక్కలేదు.

విజేతల పేరు చెప్పి అరచేతిలో వైకుంఠం చూపించే వ్యాపారం ఇప్పుడు కొత్త పుంతలు తొక్కుతోంది. బఫెట్ ముఖాన్ని, గొంతును కృత్రిమ మేధతో అనుకరించిన వీడియోలు చక్కర్లు కొడుతుంటే, ఆ మాటలు ఆయనవి కావని బెర్క్‌షైర్ హాథవే ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. ప్రసిద్ధ మదుపరుల పేరును, రూపాన్ని వాడుకుని సొమ్ము సేకరించడాన్ని ఏ దేశపు నియంత్రణ సంస్థ అయినా నేరుగా మోసంగా పరిగణించాలి. అటువంటి ప్రకటనలపై డబ్బు చేసుకునే వేదికలనూ బాధ్యులను చేయాలి. మదుపు పాఠాలు చెప్పి రుసుము తీసుకునేవారు తమ సొంత ఖాతాలోని లాభనష్టాలను, ఏరుకున్న నెలలవి కాక వరుసగా కనీసం అయిదేళ్లవి, బయటపెట్టాలనే నిబంధన కూడా అవసరం. దాంతో ఎన్ని తరగతులు మూతపడతాయో చూడవచ్చు.

ఇక పత్రికలు చేయదగ్గ పని చిన్నది, ఖర్చు లేనిది. సంపద జాబితా అచ్చువేసేటప్పుడు ప్రతి మదుపరి పేరు పక్కన, ఆస్తి విలువతో పాటు మరో రెండు గడులు చేర్చితే చాలు: అక్కడికి చేరడానికి పట్టిన ఏళ్లు ఒకటి, దారిలో చూసిన అతిపెద్ద పతనం మరొకటి. బఫెట్ పేరు ఎదురుగా బెర్క్‌షైర్ లెక్క ప్రకారం ఆ గడుల్లో 60 ఏళ్లు, 59 శాతం అని ఉంటాయి.