చదవగలిగీ చదవనని మొండికేసే ఫర్మ్‌వేర్ గారికి

డ్రైవును లోపలి నుంచి నడిపించే సాఫ్ట్‌వేరైన మహారాజశ్రీ బ్లూ-రే డ్రైవ్ ఫర్మ్‌వేర్ గారి సముఖమునకు, నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఇక్కడ అందరం క్షేమం. డిస్కు కూడా క్షేమం. గీత లేదు, వేలిముద్ర లేదు, డబ్బు పెట్టి కొన్న అసలు సిసలు అల్ట్రా హెచ్‌డీ డిస్కు. ట్రే మూయగానే తమరు కాసేపు గుర్రుమన్నారు, లైటు మిణుకుమంది, ఆపైన తెర మీద ఒకే ఒక్క వాక్యం: ఈ డిస్కు వాల్యూమ్ కీ (అంటే డిస్కు తాళంచెవి) తెలియదు. నిన్నటిదాకా ఇలాంటి డిస్కులనే తమరు చక్కగా చదివారు. మధ్యలో జరిగిందల్లా 'పనితీరు మెరుగుపరిచే' ఒక అధికారిక అప్‌డేట్. ఆ మెరుగుపడిందేమిటో సెలవిస్తే, గాల్లో కలిసిపోయిన ఈ మధ్యాహ్నం కాస్త ధన్యమవుతుంది.

తమకు చేతకాకపోతే ఎవరూ తప్పు పట్టరు. కానీ చేతనవునని అందరికీ తెలుసు. మామూలు బ్లూ-రేకి వాడే 405 నానోమీటర్ల లేజరే దీనికీ సరిపోతుంది. పొరకు సుమారు 33 జీబీ, మూడు పొరలు, వెరసి 100 జీబీ. బీడీఎక్స్‌ఎల్ (మూడు, నాలుగు పొరల బ్లూ-రే) చదివే డ్రైవుకు ఇది పాత పాఠమే. పోనీ వేగం చాలదా అంటే, ఈ డిస్కులు అడిగేది ఎంత ఎక్కువైనా సెకనుకు 128 మెగాబిట్లు. బ్లూ-రే లెక్కలో 1ఎక్స్ అంటే 36 మెగాబిట్లు కాబట్టి 4ఎక్స్‌తో తిరిగినా ఇంకా మిగులుతుంది. పెట్టె మీద 16ఎక్స్ అని అచ్చేయించుకున్నవారికి నాలుగుకే ఆయాసమా?

ఎల్‌జీ డబ్ల్యూహెచ్16ఎన్‌ఎస్40, డబ్ల్యూహెచ్16ఎన్‌ఎస్60 అని రెండు డ్రైవులున్నాయి. అల్ట్రా హెచ్‌డీకి అధికారికంగా పనికొచ్చేది రెండోదే. మూత తీస్తే రెండింటిలోనూ మీడియాటెక్ ఎంటీ1959 చిప్పే. మొదటిదానికి రెండోదాని ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే అది మారు మాట్లాడకుండా రెండోదైపోతుంది. ఆసుస్ బీడబ్ల్యూ-16డీ1హెచ్‌టీదీ అదే వంశం. అంటే లేజరు సిద్ధం, మోటారు సిద్ధం, చిప్పు సిద్ధం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. ఆ పూజారి తమరే.

తమరిని సాగనంపే పద్ధతి తమ చెవిన కూడా వేయడం మర్యాద కాబట్టి విన్నవించుకుంటున్నాను.

ముందు ట్రే ఖాళీగా ఉండాలి. డ్రైవును తడిమే ప్రోగ్రాములన్నీ మూసేయాలి. తర్వాత మేక్‌ఎంకేవీ (డిస్కులోని సినిమాను ఫైలుగా తీసే ప్రోగ్రాము) తెరిచి, డ్రైవ్ సమాచారంలో లిబ్రెడ్రైవ్ (తమ అడ్డు లేకుండా డిస్కును నేరుగా చదివే పద్ధతి) స్థితి చూడాలి. 'ఎనేబుల్డ్' అని ఉంటే ఫ్లాష్‌తో, అంటే వేరే ఫర్మ్‌వేర్ ఎక్కించడంతో, పనే లేదు. ఈ ఒక్క వరస చదవకుండానే బాగున్న డ్రైవును గెలికి పాడుచేసుకునేవాళ్లు కొల్లలు. 'పాజిబుల్, నాట్ యెట్ ఎనేబుల్డ్' అని ఉంటే మాత్రం చిప్పుకు చేతనవును, అడ్డం తమరు. మోడల్ పేరు, ఫర్మ్‌వేర్ వెర్షన్, డ్రైవు తయారైన తేదీ కాగితం మీద రాసుకోవాలి. ఏ ఫైలు ఎంచుకోవాలో తేల్చేవి ఆ మూడే.

ఆపైన ఉన్న ఫర్మ్‌వేర్‌ను ఫైలుగా దింపి భద్రం చేసుకోవాలి. ఇది ముచ్చట కోసం చేసే పని కాదు. లేజరు సర్దుబాటు విలువలు ఒక్కో డ్రైవుకు ఒక్కోలా ఉంటాయి, అవి తమరు కాపురముండే మెమరీలోనే ఉంటాయి. ఇంకొకరి డ్రైవులోంచి తీసిన పూర్తి కాపీ ఎక్కిస్తే డ్రైవు బతికే ఉంటుంది గానీ చూపు మందగిస్తుంది. అందుకే ప్రధాన భాగం ఒక్కటే రాయాలి. సన్నటి డ్రైవు బీయూ40ఎన్‌కు దాని ఫైలే వాడాలి. డెస్క్‌టాప్ డ్రైవు ఫైలు దానిమీద ప్రయోగిస్తే ట్రే తెరుచుకోవడం కూడా అనుమానమే.

డ్రైవును కుదిరితే సాటా కేబుల్‌తో నేరుగా మదర్‌బోర్డుకు తగిలించాలి, ఎందుకంటే కొన్ని యూఎస్‌బీ అడాప్టర్లు ఈ ప్రత్యేక ఆదేశాలను దారిలోనే మింగేస్తాయి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఫ్లాష్ ఆదేశం కొట్టాలి. కంప్యూటర్లో రెండు డ్రైవులుంటే డ్రైవ్ అక్షరం మరోసారి సరిచూసుకోవాలి. ఎంటర్ నొక్కాక ఇక ఏదీ ముట్టుకోకూడదు. రాస్తుండగా కరెంటు పోతే మిగిలేది కాగితాల మీద పెట్టుకునే బరువు. పూర్తయ్యాక రీస్టార్ట్ చేస్తే సరిపోదు, రీస్టార్ట్‌లో డ్రైవుకు కరెంటు ఆగదు. పూర్తిగా షట్‌డౌన్ చేసి, పవర్ సప్లై స్విచ్ ఆపి, మళ్లీ వేయాలి. బయటి డ్రైవయితే కేబుల్ పీకి పెట్టాలి. చాలామంది 'ఫ్లాష్ విఫలమైంది' అని ఏడ్చేది ఈ ఒక్క మెట్టు దగ్గరే.

ఇంతవరకూ మర్యాదగానే ఉన్నాను. ఇప్పుడు ఆ అప్‌డేట్ సంగతి.

కొత్త వెర్షన్లలో తమరిని ఎన్‌క్రిప్ట్ చేశారు, అంటే రహస్య సంకేతాల్లోకి మార్చారు. తనకంటే పాతదాన్ని ఒప్పుకోకూడదని తమకు నూరిపోశారు. ఆ పాతదాన్ని ఏ దొంగో రాయలేదు. ఇదే డ్రైవు కోసం తయారీదారే విడుదల చేసిన ఫైలు. నిన్నటి నువ్వే ఇవాళ నీకు పరాయివాడివయ్యావా? అప్‌డేట్ నోట్‌లో 'ఇకమీదట ఈ డ్రైవు కొన్ని డిస్కులు చదవదు' అని ఒక్క ముక్క రాస్తే ఎవరైనా ఆ బటన్ నొక్కేవారా? ఆ ముక్క రాయరు. 'స్థిరత్వం మెరుగుపడింది' అని రాస్తారు. నిజమే, చదవననే మాట మీద నీ స్థిరత్వం బ్రహ్మాండంగా మెరుగుపడింది! ఇప్పుడు ఆ తాళం దాటాలంటే ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలును అలాగే రాసే వేరే ఆదేశం వెతకాలి, డౌన్‌గ్రేడ్‌కు ఒప్పుకునే వెర్షన్‌ను ముందు ఎక్కించాలి, అప్పుడు గానీ చివర 'ఎంకే' అని తగిలించిన సవరించిన ఫర్మ్‌వేర్ లోపలికి పోదు. కొన్నవాడి వస్తువులో కొన్నవాడే కన్నం వేసుకోవాలి. అమెరికాలో డిజిటల్ తాళాలు దాటడాన్ని నిషేధించే 1998 నాటి చట్టం డీఎంసీఏ ముందు ఆ కన్నానికి సంజాయిషీ కూడా చెప్పుకోవాలి.

అడ్డదారి ఎందుకు, రాజమార్గంలో రావచ్చుగా అంటావేమో. అధికారికంగా చూడాలంటే అల్ట్రా హెచ్‌డీ ముద్ర ఉన్న డ్రైవు, డబ్బిచ్చి కొన్న ప్లేయర్, హెచ్‌డీసీపీ 2.2 (కేబుల్లో వెళ్లే చిత్రాన్ని కాపీ కానివ్వని ప్రమాణం) మానిటర్, ఎస్‌జీఎక్స్ (రహస్యాలను విడిగా దాచే ఏర్పాటు) ఉన్న ఇంటెల్ ప్రాసెసర్ కావాలన్నారు. 11వ తరం డెస్క్‌టాప్ కోర్ ప్రాసెసర్ల నుంచి ఆ ఎస్‌జీఎక్స్‌నే పీకేశారు. కంప్యూటర్ కొత్తదయ్యేకొద్దీ సినిమా చూసే అర్హత పోవడమనే వింత ఈ రాజమార్గంలోనే ఉంది.

ఇంకో రెండు చిన్న మనవులు. డ్రైవ్ సమాచారంలో 'హైయెస్ట్ ఏఏసీఎస్ వెర్షన్' అని ఒక అంకె ఉంటుంది (ఏఏసీఎస్ అంటే బ్లూ-రే డిస్కుల తాళం వ్యవస్థ). కొత్త డిస్కు పెట్టినప్పుడల్లా అది పెరగొచ్చు, తగ్గడం మాత్రం దాని జాతకంలో లేదు. ఎవరిని వెలివేయాలో చెప్పే జాబితాను సినిమా డిస్కుల్లో దాచి పంపడం, దాన్ని తమరు చెప్పాపెట్టకుండా గుర్తుపెట్టుకోవడం ఏ మర్యాద? రెండోది, సన్నటి బయటి డ్రైవులకు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చే 500 మిల్లీఆంపియర్లు చాలవు. మూడు పొరల డిస్కును తిప్పబోయి మధ్యలో కళ్లు తేలేస్తే ఆ నింద ఫ్లాష్ మీద పడుతోంది. యూఎస్‌బీ 3.0 పోర్టో, రెండు తలల కేబులో పెట్టి చూశాకే తమరిని తిట్టాలి. ఆ ఒక్క విషయంలో తమ తరఫునే మాట్లాడుతున్నాను.

అన్నీ సరిగ్గా కుదిరి లిబ్రెడ్రైవ్ వరసలో 'ఎనేబుల్డ్' అని పడ్డాక నీ మీద కోపం నిలబడదు, అదే చిక్కు. 4ఎక్స్ దగ్గర చప్పుడు కూడా పెద్దగా లేకుండా, మూడో పొర చివరి దాకా ఒక్క తప్పు లేకుండా చదువుతావు. ఇంత పనిమంతుడివి, నీ చేత అబద్ధమెందుకు ఆడించారో గానీ!

ఇట్లు,
డబ్బు కట్టీ డిస్కు చూడలేనివాడు

తా.క.: సినిమా రంగులు వెలిసిపోయి బూడిద పూసినట్టుంటే ఆ పాపం తమది కాదు. అది హెచ్‌డీఆర్‌ను (వెలుగునీడల విస్తృతి ఎక్కువున్న చిత్రాన్ని) మామూలు తెరకు సర్దలేని ప్లేయర్ నిర్వాకం. ఎంపీవీ అనే ప్లేయర్‌లో అయితే ఆ సర్దుబాటు దానంతటదే జరుగుతుంది. తయారీదారు ఇచ్చిన అప్‌డేట్ ప్రోగ్రామును మాత్రం కంప్యూటర్లోంచి తీసేశాను, తమరు ఎదురుచూడనక్కర్లేదు.