పక్కా స్లాబు గారికి, కింద బాడుగకున్నవాడి మనవి

స్లాబు గారూ, నమస్కారం.

తిరుపతి జీవకోనలో, మిద్దె మీద ఒకే గదిలో మీ నీడన నలుగురం ఉంటున్నాం. నీడ అని మర్యాదకు అంటున్నా, ఏప్రిల్లో రాత్రి పదకొండైనా మీ ఒంటి వేడి తగ్గదు. మొన్న ఒకాయన సర్వే ఫారం పట్టుకొని వచ్చినాడు. నేల? టైల్స్. గోడ? ఇటుక. కప్పు? మీరే. "మీకేం సార్, పక్కా ఇల్లు" అని టిక్కు పెట్టుకొని పోయినాడు.

మీ పలుకుబడి మామూలుది కాదు! దేశదేశాల పేదరికాన్ని కొలిచే బహుముఖ పేదరిక సూచీలో ముందు ఇంటి నేల ఒక్కటే చూసేవాళ్లు, 2018లో కప్పు, గోడ కూడా చేర్చినారు. మట్టి నేలో, బోదకప్పో, తడిక గోడో ఉంటే లేమి కింద లెక్క. మన నీతి ఆయోగ్ లెక్కలో 12 అంశాల్లో ఇల్లొకటి, దాని బరువు 21లో ఒక వంతు. ఆ ఒక్క వంతులో కూడా మీరు కారతారా, మీ కింద ఎంతమంది ఇరుక్కున్నారు అనే మాటే రాదు, కాంక్రీటయితే చాలు. జనాభా లెక్కల వాళ్లు కొంచెం నయం, గది అంటే కనీసం 2 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉండాలన్నారు. మా ఓనరు వంటగది అని చెప్పి బాడుగ వసూలు చేస్తున్న మూల ఆ కొలతకు అందదు.

మిమ్మల్ని వద్దనడం లేదు. పలమనేరు దగ్గర మా అవ్వది బోదకొట్టం. వానొస్తే తేళ్లు, దీపావళి రాత్రయితే ఏ రాకెట్టు వచ్చి కప్పు మీద పడుతుందోనని పండగ మానుకొని నీళ్ల బిందెలతో కాపలా. "చచ్చేలోపల మిద్దె కింద పండుకోవల్ల" అనేది. పాపం, పండుకోలేదు. ఇప్పుడు మా అమ్మ పండుకుంటుంది, పక్కన మీరు కారే చోట బకెట్ పెట్టుకొని.

రిపేరు చేయించమంటే ఓనరూ అదే మాట, "పక్కా ఇల్లు కదప్పా, ఏమవుతుంది?"

ఏమైందో మీకు తెలుసు. మీ పెచ్చు ఒకటి ఊడి, సర్వే ఆయన కూర్చున్న కుర్చీలోనే పడింది, ఆయన పోయిన మర్నాడు. ఒక్కరోజు ముందు రాలకూడదా స్వామీ?

ఇట్లు,
లేమి లేనివాడు