బైపాస్‌కు మళ్లీ బైపాసా?

విశాఖ శివారులోని పెందుర్తి కూడలిలో సాయంత్రం ఆరింటికి నిలబడి చూస్తే చాలు. షేర్ ఆటోలు, కాలేజీ బస్సులు, రోడ్డు మీదకు వచ్చేసిన తోపుడు బళ్లు, వాటి మధ్య కదలలేక మోత మోగిస్తున్న అంబులెన్స్. నగరం మీద, దారిలోని ఊళ్ల మీద భారం తగ్గుతుందని చెప్పే కదా ఆనందపురం నుంచి పెందుర్తి, సబ్బవరం మీదుగా అనకాపల్లి దాకా 50 కిలోమీటర్ల ఆరు వరుసల బైపాస్ రోడ్డు వేశారు? రెండున్నర వేల కోట్ల రూపాయలు ఖర్చు పెట్టాక కూడా మళ్లీ కొత్త రోడ్డు మాటే వినిపిస్తోంది.

ఒడిశా వైపు నుంచి విజయవాడ పోయే లారీలు నగరంలోకి రాకుండా వెళ్లగలుగుతున్నాయి. ఆ మేలును కాదనం. కానీ పెందుర్తిలో ఇరుక్కునేది ఆ లారీలు కావు. గోపాలపట్నం వైపు పనికి వెళ్లే ఉద్యోగి, కొత్తవలస నుంచి కూరగాయలు తెచ్చే ఆటో, పిల్లాణ్ని బడి నుంచి తీసుకొచ్చే తల్లి. వీళ్లెవరికీ బైపాస్‌తో పనే లేదు. ఆనందపురం పూల మార్కెట్‌కు మూటలతో వచ్చే రైతుకూ అంతే.

మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతున్నది వేరే ఉంది. బైపాస్ పడిన మరునాటి నుంచే దాని పక్కన లేఅవుట్ల బోర్డులు లేచాయి. ప్లాట్ల వెనకే ఇళ్లు, ఇళ్ల వెనకే దుకాణాలు, దుకాణాల ముందు ఆటో స్టాండు. ఊరిని తప్పించడానికి వేసిన రోడ్డే ఊరి వీధి అవుతోంది. మన దగ్గర ఇది కొత్త కాదు. ఇవాళ మద్దిలపాలెం, హనుమంతవాక మీదుగా నగరం నడిబొడ్డున పోయే జాతీయ రహదారి కూడా ఒకప్పుడు ఊరి బయటిదే. దాన్ని నగరం మింగేసింది కాబట్టే ఆనందపురం బైపాస్ కావలసి వచ్చింది. రేపు దీన్నీ మింగేస్తే? ఇంకో బైపాస్, ఇంకొన్ని పొలాలు.

రోడ్డు పెరిగితే దాన్ని నింపే బళ్లూ పెరుగుతాయని బ్రిటన్‌లో ప్రభుత్వమే వేసిన నిపుణుల కమిటీ 1994లోనే తేల్చింది. మన దేశంలోనూ అనుమతి లేకుండా జాతీయ రహదారిలోకి దారి తెరవకూడదని 2002 చట్టం చెబుతోంది. చట్టం ఉంది, అధికారులున్నారు. అయినా ఒక చేత్తో ఊరికి ఊపిరాడాలని రోడ్డు వేస్తూ, రెండో చేత్తో ఆ రోడ్డు పక్కనే లేఅవుట్లకు ప్లాన్లు మంజూరు చేస్తున్నారు. ఈ రెండు నాల్కల ధోరణి ఆగనంత కాలం ఎన్ని వరుసల రోడ్డయినా చాలదు.

ఇప్పుడు షీలానగర్–సబ్బవరం మధ్య దాదాపు 13 కిలోమీటర్ల ఆరు వరుసల రోడ్డు రాబోతోంది. పోర్టు సరుకుకు అది అవసరమే. కానీ దాని రెండు పక్కలా ఏం కట్టనిస్తారో, ఎక్కడ దారి ఇస్తారో, సబ్బవరం దగ్గర కలిసే బళ్లను ఎలా మళ్లిస్తారో పనులు మొదలుకాకముందే ప్రకటించాలి. ఊళ్లలో చేయాల్సినవి అంతకన్నా చవక: ఆటోలకు, తోపుడు బళ్లకు కూడలికి దూరంగా చోటు, ఉదయం సాయంత్రం మరిన్ని ఆర్టీసీ బస్సులు, నడవడానికి ఫుట్‌పాత్. వీటికి రిబ్బన్ కటింగులు ఉండవు కాబట్టే ఏ నాయకుడికీ పట్టడం లేదు.

బైపాస్ కోసం రైతులు పంట భూములు వదులుకున్నారు. వాళ్లు ఇచ్చిన నేల మీద వేసిన రోడ్డునే కాపాడలేని వాళ్లు, ఇంకో రోడ్డు పేరు చెప్పి మళ్లీ సర్వే రాళ్లు పట్టుకుని ఆ పొలాల్లోకే ఏ ముఖంతో వెళతారు?